గడ్డి పనికి పాత ట్రాక్టర్ కొంటున్నారా? రంగు కాదు, వెనకనున్న పీటీవో చూడండి

వింజమూరు, దుత్తలూరు, కలిగిరి, ఉదయగిరి, మర్రిపాడు ప్రాంతాల మెట్ట రైతుకు వానంటే ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడేదే. ఆ పదునుతో పెరిగిన మేత జొన్న, జనుము, పిల్లిపెసర, అలసంద జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోతకు వస్తాయి. మార్చి దాటితే గట్ల మీద కూడా పచ్చి పరక ఉండదు. అప్పటినుంచి మళ్లీ వానలు పడేదాకా గేదెలు, ఆవులు, జీవాలు బతికేది వామిలో దాచిన ఎండుమేత మీదే.

చిక్కేమిటంటే, గడ్డి కోయాల్సిన రోజుల్లోనే పొగాకు రెలుపుడు, బేరన్ పనులు ఉంటాయి. కూలీలు దొరకరు. వెంటనే సోమశిల ఆయకట్టులో, చెరువుల కింద వరికోతలు మొదలై బాడుగ ట్రాక్టర్లు అటు వెళ్లిపోతాయి. కోసిన గడ్డి రెండు రోజులు ఆలస్యమైతే ఆకు రాలిపోయి కాడ మిగులుతుంది. అందుకే చాలామంది చిన్న రైతులు ‘ఒక పాత ట్రాక్టర్ కొనుక్కుంటే సరిపోతుంది కదా’ అనుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ దున్నకానికి బాగుండే పాత బండి గడ్డి పనికి కూడా బాగుంటుందని లేదు. ఈ తేడా తెలియక కొన్నవారు బండి ధరకు తోడు మరమ్మతులకు కూడా ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

ముందు లెక్క వేసుకోండి

నాలుగు గేదెలున్న ఇంటిని తీసుకుందాం. ఒక్కోదానికి రోజుకు 6 కిలోల ఎండుమేత చొప్పున 120 రోజులకు 2,880 కిలోలు కావాలి. అంటే దాదాపు 3 టన్నులు. వర్షాధారంగా ఎకరాకు టన్నున్నర ఎండుమేత వచ్చినా రెండెకరాల పైరు చాలు. రెండెకరాల కోత, తిరగేయడం, చేరవేతలకు ట్రాక్టర్ పని ఏడాది మొత్తం మీద పదిహేను, ఇరవై గంటలకు మించదు.

ఇప్పుడు బండి ఖర్చు చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలు మాత్రమే. మీ ఊరి ధరలు పెట్టుకుని లెక్క వేసుకోండి.

• బండి ధర 1,60,000 రూపాయలు. నూటికి 12 చొప్పున ఏడాదికి వడ్డీ: 19,200
• మరమ్మతులు, ఆయిల్, టైర్ల కోసం పక్కన పెట్టేది: 20,000
• బీమా, కాగితాల ఖర్చు: 5,000
• మొత్తం: 44,200 రూపాయలు. డీజిల్ ఇందులో లేదు.

ఏడాదికి 20 గంటలే తిరిగితే గంటకు 2,210 రూపాయలు పడుతుంది. అదే బండి సొంత దున్నకం, ఎరువు తోలకం, చాఫ్ కట్టర్ అన్నీ కలిపి 200 గంటలు తిరిగితే గంటకు 221 రూపాయలే. మీ ఊళ్లో గంట బాడుగ ఎంతో మీకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. గడ్డి ఒక్కదాని కోసం ట్రాక్టర్ కొనడం నాలుగు గేదెల రైతుకు గిట్టుబాటు కాదు. వేరే పనులు కూడా ఉన్నప్పుడు, లేదా ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి కొన్నప్పుడే గిట్టుతుంది. ఈ లెక్కలో నష్టం కనబడితే ఇక్కడే ఆగండి. ఆ డబ్బుతో ఒక చాఫ్ కట్టర్, వామికి ఒక రేకుల షెడ్డు వేసుకుంటే వేసవి మేతకు ఎక్కువ మేలు జరుగుతుంది.

ఏ పనికి ఎంత బండి కావాలి?

ఎండుమేత తయారీలో నాలుగు పనులున్నాయి: కోయడం, తిరగేయడం, వరుసలుగా చేర్చడం, కట్టడం లేదా చేరవేయడం. వీటన్నిటికీ ఒకే బలం అక్కర్లేదు.

కత్తెరలా ఆడే కట్టర్ బార్ కోతయంత్రం తక్కువ బలంతో నడుస్తుంది. 25 హెచ్‌పీ పాత బండి చాలు. జనుము, పిల్లిపెసర, అంజన్ గడ్డి వంటి సన్న కాడల మేతకు ఇది బాగా సరిపోతుంది. గుండ్రంగా తిరిగే డిస్కు లేదా డ్రమ్ము కోతయంత్రాలకు బలం ఎక్కువ కావాలి. చక్రాల రేక్ అయితే నేల మీద దొర్లుతూ తనంతట తానే తిరుగుతుంది కాబట్టి దానికి పీటీవో అక్కర్లేదు, చిన్న బండితో లాగవచ్చు.

బేలర్ సంగతి వేరు. చిన్న రౌండ్ బేలర్‌కు కూడా సాధారణంగా 35 హెచ్‌పీకి తగ్గని బండి అడుగుతారు. చదరపు కట్టల బేలర్‌కు ఇంకా పెద్దది కావాలి. పైగా రౌండ్ బేలర్ వెనక తలుపు తెరవడానికి ట్రాక్టర్ నుంచి ఆయిల్ పైపు కనెక్షన్ ఉండాలి. పాత బండ్లలో చాలావాటికి ఇది ఉండదు, విడిగా వాల్వు బిగించుకోవాలి. రెండు మూడు ఎకరాల మేతకు సొంత బేలర్ అవసరం లేదు. కోత, రేక్, చేరవేత సొంత బండితో చేసుకుని, కట్టలు కావాలంటే బేలర్‌ను బాడుగకు పిలవడం మేలు. అప్పుడు 25 నుంచి 35 హెచ్‌పీ పాత బండి సరిపోతుంది.

హెచ్‌పీ విషయంలో ఒక మాట గుర్తుంచుకోండి. బానెట్ మీద రాసింది ఇంజన్ బలం. పీటీవో దగ్గరకు వచ్చేసరికి కొంత తగ్గుతుంది. ముప్పై ఏళ్లు తిరిగిన బండిలో ఇంకా తగ్గుతుంది.

అసలు చూడాల్సింది: క్లచ్, పీటీవో

దున్నేటప్పుడు బండి ఆగితే నాగలి కూడా ఆగుతుంది, నష్టం లేదు. గడ్డి పనిలో అలా కాదు. గడ్డి ఒక్కసారిగా దట్టంగా వచ్చినప్పుడు బండి ముందుకు పోవడం ఆగాలి, కోతయంత్రం మాత్రం తిరుగుతూనే ఉండాలి. అప్పుడే లోపలికి వచ్చిన గడ్డి బయటపడుతుంది.

సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కగానే బండి, పీటీవో రెండూ ఆగిపోతాయి. గడ్డి ఇరుక్కుంటుంది. రైతు దిగి చేత్తో లాగుతాడు. చేతులకు దెబ్బలు తగిలేది చాలావరకు ఇక్కడే. డబుల్ క్లచ్ బండిలో పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీవో తిరుగుతుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. కొన్ని బండ్లలో పీటీవోకు క్లచ్‌తో సంబంధం లేని వేరే లివర్ ఉంటుంది. గడ్డికి అన్నిటికన్నా అది మంచిది.

సింగిల్ క్లచ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. వెనక బరువుగా తిరిగే యంత్రం ఉంటే, క్లచ్ తొక్కినా ఆ ఊపు గేర్‌బాక్సు గుండా చక్రాలను ముందుకే నెడుతుంది. గట్టు దగ్గరో బావి దగ్గరో ఆపాలనుకున్న బండి ఆగదు. ఇప్పటికే సింగిల్ క్లచ్ బండి ఉన్నవారు పీటీవోకు వన్‌వే కప్లర్ తగిలించుకోవాలి. అది ఈ వెనక నెట్టుడును చక్రాలదాకా రానివ్వదు.

ఒకే మోడల్ సింగిల్ క్లచ్‌తోనూ, డబుల్ క్లచ్‌తోనూ వచ్చి ఉండవచ్చు. కాబట్టి మోడల్ పేరు విని నమ్మవద్దు. అమ్మేవారి ఇంటి ముందే ఇలా పరీక్షించండి:

1. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, పీటీవో వేసి, చిన్న గేరులో నెమ్మదిగా నడపండి.
2. క్లచ్ సగం తొక్కండి. బండి ఆగి పీటీవో తిరుగుతుంటే డబుల్ క్లచ్ పనిచేస్తున్నట్టు. రెండూ ఆగితే సింగిల్ క్లచ్ అయినా కావాలి, డబుల్ క్లచ్ ప్లేట్లు అరిగిపోయి లేదా సెట్టింగ్ తప్పి అయినా ఉండాలి. ఏదో మెకానిక్ తేల్చాలి. ప్లేట్లు మార్చాలంటే బండిని మధ్యకు విడదీయాలి. ఆ ఖర్చును బేరంలో తగ్గించుకోండి.
3. ఇంజన్ ఆపి పీటీవో షాఫ్టును చేత్తో పైకీ కిందికీ కదపండి. బాగా ఊగితే బేరింగ్ పోయినట్టు. చుట్టూ ఆయిల్ తడి ఉంటే సీలు పోయినట్టు.
4. షాఫ్టు పళ్లు చూడండి. సాధారణంగా 35 మి.మీ. షాఫ్టు మీద ఆరు పళ్లుంటాయి. అవి కత్తి అంచులా సన్నబడితే కప్లింగ్ జారి ఊడిపోతుంది.
5. చాఫ్ కట్టరో, నూర్పిడి యంత్రమో తగిలించి అరగంట పని చేయించండి. ఖాళీగా తిరిగే పీటీవో అందరికీ బాగానే కనిపిస్తుంది. బరువు పడ్డాక ఇంజన్ శబ్దం మారకుండా షాఫ్టు వేగం తగ్గితే క్లచ్ జారుతోంది. ఇంజనే మూలిగి నల్లపొగ వదిలితే బలం చాలడం లేదు.

గడ్డి యంత్రాలు నిమిషానికి 540 చుట్ల కోసం తయారవుతాయి. ఏ ఇంజన్ వేగం దగ్గర 540 వస్తుందో చాలా బండ్లలో మీటరు మీద గుర్తు ఉంటుంది. పాత బండ్లలో మీటరు పనిచేయదు కాబట్టి మెకానిక్ దగ్గర టాకోమీటరు ఉంటే కొలిపించండి. ఆ వేగంలో ఇంజన్‌ను ఉంచి, ఏ గేరులో బండి మనిషి నడకకు కాస్త అటూ ఇటూగా పోతుందో చూడండి. అంత నెమ్మది గేరు లేని బండితో దట్టమైన మేత కోయడం కష్టం.

లిఫ్ట్ కూడా చూడాలి. కొన్ని పాత బండ్లలో లిఫ్ట్ పంపు తిరిగేది పీటీవో మీదే. క్లచ్ తొక్కితే లిఫ్ట్ లేవదు. గట్టు దగ్గర కోతయంత్రాన్ని ఎత్తి తిప్పుకునేటప్పుడు ఇది ఇబ్బంది. కల్టివేటరును ఎత్తి ఇంజన్ ఆపి, పది నిమిషాలు ఆగండి. అది నేలకు దిగిపోతే లిఫ్ట్ సిలిండరు సీళ్లో, వాల్వో పోయినట్టు.

పాత మోడళ్లలో ఏది?

విడిభాగం దొరకని బండి ఎంత చౌకగా వచ్చినా గడ్డి కాలంలో నిలబడిపోతే నష్టమే. కాబట్టి ముందు నెల్లూరు, ఆత్మకూరు, కావలి దుకాణాల్లో ఏ బండి సామాను దొరుకుతుందో అడిగి, తర్వాత బండి వెతకండి.

మాసీ ఫెర్గూసన్ 1035 తరహా: టాఫె సంస్థ 1960లో మద్రాసులో మొదలైంది. ఈ బండ్లు దక్షిణాదిలో ఊరూరా ఉన్నాయి. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్ తెలిసిన మెకానిక్‌లు ఎక్కువ. తేలికైన బండి కావడంతో కోతకు, రేక్‌కు అనువు. లిఫ్ట్, పీటీవో సంబంధం ముందే పరీక్షించండి.

మహీంద్రా బీ-275 తరహా: ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి 1963లో పెట్టిన కంపెనీ నుంచి వచ్చిన వంశం ఇది. బరువు, లాగుడు బాగుంటాయి. గడ్డి ట్రైలర్ లాగడానికి నమ్మకం. సామాను సులువుగా దొరుకుతుంది కానీ పాత రకానికీ, తర్వాతి డీఐ రకానికీ ఇంజన్ భాగాలు ఒకటి కావు. సామాను అడిగేటప్పుడు ఏ రకమో చెప్పాలి.

స్వరాజ్ 724, 735: దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపకల్పనతో 1974లో 724 వచ్చింది. నిర్మాణం సాదాగా ఉంటుంది, ఊరి మెకానిక్ విప్పగలడు. కోత, రేక్, చాఫ్ కట్టర్ పనులకు 724 సరిపోతుంది. బేలర్‌కు చాలదు.

ఐషర్ గాలిచల్లదనపు బండ్లు: డీజిల్ తక్కువ తాగుతాయి, రేడియేటరు బాధ లేదు. కానీ ఇంజన్ చుట్టూ ఉండే రెక్కల మధ్య గడ్డి నూగు చేరితే వేడెక్కుతుంది. పూటకోసారి ఊదించాలి. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని 2005లో టాఫె తీసుకుంది.

హెచ్‌ఎంటీ 2511 తరహా: జీటర్ సహకారంతో హర్యానాలోని పింజోర్‌లో 1971 నుంచి తయారయ్యాయి. ఇంజన్ గట్టిది. అయితే ఆ ట్రాక్టర్ ఫ్యాక్టరీ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఈ బండి కొనేవారు గేర్‌బాక్సు, లిఫ్ట్ భాగాలు ఎక్కడ దొరుకుతాయో తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఇంజన్ పరీక్ష ఉదయాన్నే

మీరు వెళ్లేసరికి బండి వేడిగా ఉంటే అనుమానించండి. చల్లని ఇంజన్ మొదటి స్టార్టు ఎలా ఉందో చూడటమే అసలు పరీక్ష. ముందురోజు చెప్పకుండా ఉదయాన్నే వెళ్లడం మంచిది.

• స్టార్టు చేయకముందే ఆయిల్ గేజీ తీయండి. ఆయిల్ తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. రేడియేటరు మూత తీసి నీళ్ల మీద ఆయిల్ తెట్టు ఉందేమో చూడండి. ఈ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి.
• స్టార్టయ్యాక కాసేపు తెల్లపొగ ఫరవాలేదు. వేడెక్కినా నీలం పొగ పోకపోతే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. బరువు మీద నల్లపొగ అయితే నాజిళ్లు, పంపు, ఎయిర్ ఫిల్టరు చూడాలి.
• ఆయిల్ పోసే మూత దగ్గర పొగ బుసబుసా కొడితే రింగులు, లైనర్లు అరిగాయి. ఇంజన్ విప్పాల్సిందే.
• స్టీరింగ్ ఆట, ముందు చక్రాల పిన్నుల ఊగుడు, రెండు బ్రేకులు సమానంగా పట్టడం చూడండి. గడ్డి బరువుతో చెరువుకట్ట దిగేటప్పుడు ఒక బ్రేకు మాత్రమే పడితే బండి తిరగబడుతుంది.
• టైర్ల పక్కగోడలు పగిలాయేమో చూడండి. వెనక జత కొత్తవి వేయాలంటే పాత బండి ధరలో పెద్ద భాగమే అవుతుంది.
• కొత్త రంగు చూసి మోసపోవద్దు. రంగు కింద వెల్డింగ్ గీతలున్నాయేమో గేర్‌బాక్సు, ముందు యాక్సిల్ దగ్గర గీకి చూడండి. గంటల మీటరును లెక్కలోకి తీసుకోవద్దు.

కాగితాలు లేని చవక బండి వద్దు

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఇంజన్ మార్చి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. సొంత వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. పాత బండ్లలో చాలావాటికి ఇది జరిగి ఉండదు. ఎంత ఖర్చవుతుందో రవాణా కార్యాలయంలో ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనండి.

ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ లేదా బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చాకే డబ్బు ఇవ్వండి. యాజమాన్యం మారినట్టు అమ్మినవారు ఫారం 29తో 14 రోజుల్లో, కొన్నవారు ఫారం 30తో 30 రోజుల్లో తెలియజేయాలి. ప్రకాశం, కడప వంటి పక్క జిల్లాల బండికి ఇబ్బంది లేదు కానీ తమిళనాడు, కర్ణాటక బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం ఎన్‌ఓసీ తప్పనిసరి. ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాన్ని నమ్ముకోవద్దు. ఆ బండి కింద ఎవరైనా పడితే బీమా, పరిహారం విషయంలో చిక్కులు రావచ్చు.

కొన్నాక మొదటి వారం

ఇంజన్, గేర్‌బాక్సు, లిఫ్ట్ ఆయిళ్లు, ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు మార్చండి. తర్వాత గడ్డి పనికి ఈ మూడు ఏర్పాట్లు చేయందే పొలంలోకి దిగవద్దు.

పీటీవో కవరు: పాత బండ్లలో ఇది దాదాపు ఉండదు. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె అంచో, తువ్వాలో, చీర కొంగో చిక్కితే క్లచ్ దాకా కాలు వెళ్లేలోపే మనిషిని లాగేస్తుంది. షాఫ్టుకు ప్లాస్టిక్ గొట్టం కవరు, పైన ఇనుప కప్పు పెట్టించండి. ఇరుక్కున్న గడ్డి తీయాలంటే ముందు ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి.

నిప్పు: సైలెన్సరుకు తుప్పు రంధ్రాలుంటే నిప్పురవ్వ వామి మీద పడుతుంది. మంచి సైలెన్సరు వేయించి, బ్యాటరీ వైర్లు చెక్ చేయించండి. ఇంజన్ చుట్టూ చేరిన నూగును పూటపూటా తుడవండి. బండి మీద ఒక క్యాను నీళ్లు, రెండు తడి గోతాలు ఉంచండి. వామి పక్కన ఇంజన్ ఆన్‌లో పెట్టి వదలవద్దు.

బోల్తా: పాత బండ్లకు తలపైన రక్షణ చట్రం ఉండదు. వెలిగొండ పాదాల వాలు చేలల్లో అడ్డంగా నడపకుండా పైకీ కిందికీ నడపండి. గడ్డి ఎత్తుగా వేసి కరెంటు తీగల కింద పోనివ్వవద్దు. లోడు మీద మనుషులను ఎక్కించవద్దు.

బండి నడపడం, సంరక్షణ పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ ఇస్తుంది. వివరాలు రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు.

గడ్డి కోసే రోజు

పప్పుజాతి మేతను సగం పూత దశలో కోయాలి. మంచు ఆరాక ఉదయం కోసి, మర్నాడు పొద్దున్నే కాస్త చెమ్మ ఉండగా తిరగేస్తే ఆకు రాలదు. మధ్యాహ్నం ఎండలో తిరగేస్తే పోషకాలున్న ఆకంతా నేలపాలవుతుంది. తేమ 15 శాతానికి దిగాకే వామి వేయాలి. గుప్పెడు గడ్డి ముక్కలు, పొడి ఉప్పు ఒక సీసాలో వేసి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు ఉండలు కడితే ఇంకా ఆరాలి. తడిగా పేర్చిన గడ్డి బూజు పడుతుంది, లోపల వేడెక్కి అంటుకోవచ్చు కూడా.

చివరిగా: వీటిలో ఒక్కటి ఉన్నా బేరం వదిలేయండి

• ఛాసిస్ నంబరు గీకేసి ఉండటం, ఆర్‌సీతో సరిపోకపోవడం
• పీటీవోకు బరువు తగిలించి చూడటానికి అమ్మేవారు ఒప్పుకోకపోవడం
• ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు
• దగ్గరి పట్టణాల్లో గేర్‌బాక్సు సామాను దొరకకపోవడం
• ఫైనాన్స్ బాకీ తీరకుండా ‘తర్వాత చూసుకుందాం’ అనడం

బండి చూడటానికి వెళ్లేటప్పుడు మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అమ్మేవారు చూపించిన మెకానిక్ వద్దు. ఒక రోజు కూలి ఇచ్చినా అది ఖర్చు కాదు. డిసెంబరు వానలు తగ్గేలోపే, అంటే గడ్డి కోతకు కనీసం నెల ముందే కొంటే, లోపాలు బయటపడి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. ఫిబ్రవరిలో తొందరపడి కొన్న బండి షెడ్డులో విప్పి ఉంటే, కోసిన మేత పొలంలో ఎండి రాలిపోతుంది. ఏప్రిల్‌లో అదే గేదెలకు కొనుగోలు గడ్డి వేయాల్సి వస్తుంది.